పారిస్ ఋతువుకు కోరమండల్ నేత

పుదుచ్చేరి: పారిస్ నగరంలో పురుషుల దుస్తులకు వసంతం జూన్ నెలలో వస్తుంది. అదీ ఆ ఏటి వసంతం కాదు, మరుసటి ఏటిది. జనవరి ప్రదర్శనలలో రాబోయే శరత్, శీతకాలాలకూ, జూన్ ప్రదర్శనలలో మరుసటి సంవత్సరపు వసంత, గ్రీష్మాలకూ తగిన చొక్కాలు, కోట్లు, పంట్లాములు ఎలా ఉండబోతున్నాయో ప్రపంచానికి చూపడం అక్కడి ఆనవాయితీ. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో 1972 నుంచి జరుగుతున్న 'పిట్టీ ఉవోమో' సంతతో ప్రతిసారీ సందడి మొదలై, మిలాన్ మీదుగా పారిస్ చేరుతుంది. అక్కడ తెర లేచిన నమూనాలకు ఆర్డర్లు వస్తాయి. ఆ ఆర్డర్లను బట్టి ఎక్కడో ఒకచోట మగ్గాలు ఆడాలి.

ఆ ఎక్కడో ఒకచోటలలో పుదుచ్చేరి కూడా ఒకటి. ఇక్కడ శీతకాలం అనదగినదేదీ లేదు. ఎండాకాలం, వానాకాలం, మధ్యలో దీపావళి, సంక్రాంతి వ్యాపారాలు - వస్త్ర వర్తకుడికి తెలిసిన ఋతువులు ఇవే. అయినా సముద్రపు ఒడ్డున ఫ్రెంచివారు కట్టిన పసుపు, తెలుపు భవనాల వీధులలోనూ, ఊరికి ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలోని ఆరోవిల్ పరిసరాలలోనూ పనిచేస్తున్న చిన్న చిన్న దుస్తుల సంస్థలు తమ సరుకును పారిస్ లెక్కలోనే 'వసంత-గ్రీష్మం', 'శరత్-శీతం' అని పేర్లు పెట్టి విడుదల చేస్తున్నాయి. కొనేవారిలో విదేశీయులు, మహానగరాల సంపన్నులు ఉన్నందున ఇది తప్పనిసరి అయింది.

ఇందులో కొత్తదనం లేదని ఈ ఊరి చరిత్ర తెలిసినవారికి అర్థమవుతుంది. పరాయి దేశపు మగవాడు ఏమి తొడుక్కోవాలనుకుంటాడో కనిపెట్టి, ఆ కొలతకు, ఆ రంగుకు నేసి పంపడమే రెండు శతాబ్దాలకు పైగా పుదుచ్చేరి వృత్తి. మారినదల్లా నేసే చేతులు, లాభం చేరే చోటు.

ఒంటికి అంటిన నీలం

ఫ్రెంచివారు 1674లో ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నది ప్రధానంగా బట్టల కోసమే. గవర్నర్ డూప్లేకు ముఖ్య దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై (1709-1761) స్వయంగా వర్తకుడు. 1736 నుంచి పాతికేళ్ళ పాటు ఆయన రాసుకున్న దినచర్యలో యుద్ధాల వార్తల పక్కనే బట్టల బేరాలు, వర్తకులతో ఒప్పందాలు, ఓడల రాకపోకలు కనిపిస్తాయి. తెలుగు పాఠకులకు ఆయన మరొక విధంగా పరిచితుడు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే లక్షణ గ్రంథాన్ని అంకితమిచ్చింది ఈయనకే. కోరమండల్ తీరపు బట్టల వ్యాపారంలో తమిళం, తెలుగు, ఫ్రెంచి ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకుపోయి ఉండేవో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆ కాలంలోనూ, ఆ తరువాతి శతాబ్దంలోనూ పుదుచ్చేరికి పేరు తెచ్చిన సరుకు 'గినే'. నీలిమందులో ముదురుగా అద్దిన ముతక నూలు బట్ట ఇది. ఇక్కడి నుంచి ఓడలలో ఫ్రాన్సు రేవులకు, అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌కు చేరేది. సెనెగల్ నది ఒడ్డున, సహారా ఎడారి అంచులలో తుమ్మజిగురు వ్యాపారం చేసే మూర్ జాతివారికి ఇది బట్ట మాత్రమే కాదు, డబ్బు కూడా. ఇన్ని బారువుల జిగురుకు ఇన్ని గినే తానులని ధర చెప్పుకొనేవారు. డబ్బుగా చెలామణీ అవుతున్నది కాబట్టి కొలత తప్పరాదు. అందుకే 1840 దశకంలో ఫ్రెంచి ప్రభుత్వం తాను పొడవు, బరువు ఎంతకు తగ్గరాదో ఉత్తర్వు ద్వారా నిర్ణయించవలసి వచ్చింది. నాణెం విషయంలో టంకసాలకు ఎంత జాగ్రత్త అవసరమో నేత విషయంలో పుదుచ్చేరికి అంత జాగ్రత్త అవసరమైందన్నమాట.

ఎడారి పురుషులు ఈ బట్టను వదులు అంగీలుగా, తలపాగాలుగా వాడేవారు. నీలం ఒంటికి అంటుకొనేది. అది లోపంగా ఎవరూ భావించలేదు సరికదా, అంటితేనే అసలు సరుకు అని నమ్మేవారు. సహారా ప్రాంతపు సంచార జాతులకు 'నీలి మనుషులు' అనే పేరు రావడానికి నీలిమందు అద్దకపు బట్టలే కారణం. ఐరోపా మిల్లులు ఈ గుడ్డకు నకళ్ళు తయారు చేసి చౌకగా అమ్మజూశాయి. అయినా చాలాకాలం పుదుచ్చేరి సరుకు తన స్థానాన్ని నిలుపుకొంది.

ఈ వ్యాపారంలో తెలుగు తీరానికి కూడా భాగం ఉంది. గోదావరి ముఖద్వారాన ఉన్న యానాం ఈనాటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో అంతర్భాగమే. ఫ్రెంచివారు అక్కడ స్థావరం ఏర్పరచుకొని కూర్చున్నది చుట్టుపక్కల గ్రామాల నేత బట్టల కోసం. పొరుగునే ఇంజరంలో ఇంగ్లీషువారు అదే పనిమీద ఉండేవారు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువారి నోట 'మడపోళం' అయి, ఒక రకం నూలు బట్టకే పేరుగా స్థిరపడిపోయింది. ఊరి పేరు బట్టకు మిగిలి, బట్ట ఊరికి మిగలలేదు.

రంగు కారిన చొక్కా

నీలం తరువాత ప్రపంచ పురుషుడిని ఆకట్టుకున్న కోరమండల్ బట్ట గళ్ళ బట్ట. మన ఇళ్ళలో దీనిని లుంగీ గుడ్డ అంటారు. పట్టించుకోరు. సముద్రం దాటితే దాని పేరు 'మద్రాస్'. చీరాల, దాని చుట్టుపక్కల గ్రామాలలో నేసిన గళ్ళ రుమాళ్ళు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అన్న ముద్రతో నైజీరియాకు తరలేవి. నైజర్ నది డెల్టాలోని కలబారి తెగవారు దీనిని 'ఇంజిరి' అంటారు. పుట్టుక నుంచి అంత్యక్రియల వరకు ఏ శుభాశుభ కార్యమైనా ఆ గుడ్డ ఉండవలసిందే. మగవారు నడుముకు చుట్టుకుంటారు. అద్దకం నుంచి వచ్చే ప్రత్యేకమైన వాసనను బట్టి అసలు సరుకును పోల్చుకొనేవారని ప్రతీతి. తరువాతి దశాబ్దాలలో నైజీరియా ప్రభుత్వం విధించిన దిగుమతి ఆంక్షలు ఈ వ్యాపారాన్ని బాగా దెబ్బతీశాయి. చీరాల నేతగాళ్ళు చీరల వైపు మళ్ళారు.

అమెరికాలో మద్రాస్ గళ్ళకు పట్టిన అదృష్టం కథ వేరు. దుస్తుల వ్యాపార వర్గాలలో నేటికీ చెప్పుకొనే ముచ్చట ఇది. 1958లో విలియం జేకబ్సన్ అనే దిగుమతిదారు మద్రాసు వచ్చి, తరువాతి కాలంలో లీలా హోటళ్ళను స్థాపించిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ వద్ద గళ్ళ బట్ట కొన్నాడు. గజం ఒక డాలరు. దానిని న్యూయార్క్‌లోని సుప్రసిద్ధ పురుష దుస్తుల సంస్థ బ్రూక్స్ బ్రదర్స్‌కు అమ్మాడు. చన్నీళ్ళలో జాగ్రత్తగా ఉతకాలని నాయర్ చేసిన హెచ్చరిక మాత్రం కొనుగోలుదారుల వరకు చేరలేదు. వేసవి కోట్లు కుట్టించుకున్న పెద్దమనుషులు వాటిని యంత్రాలలో వేసి ఉతికేసరికి ఒక గడిలోని రంగు మరొక గడిలోకి కారింది. గొడవ లాయర్ల దాకా వెళ్ళింది. చివరకు ప్రకటనల నిపుణులు రంగంలోకి దిగి, రంగు కారుతుందని తామే హామీ ఇస్తున్నట్లు ప్రచారం చేశారు. ఉతికిన ప్రతిసారీ కొత్తగా కనిపించే బట్ట అని చెప్పారు. లోపం కాస్తా గొప్ప అయింది. 'రంగు కారే మద్రాస్' అమెరికా విశ్వవిద్యాలయ విద్యార్థుల వేసవి దుస్తులలో స్థిరపడింది.

సహారా వర్తకుడు వందేళ్ళ క్రితమే మెచ్చిన గుణాన్ని న్యూయార్క్ వర్తకుడు 1958లో కనుగొన్నాడని సరిపెట్టుకోవచ్చు. అయితే ఆ రెండు సందర్భాలలోనూ గజానికి వచ్చిన ధర నేసినవాడి ఇంట ఏమి మార్పు తెచ్చిందన్న ప్రశ్నకు వ్యాపార కథలలో జవాబు దొరకదు. జవాబు కోసం మిల్లుల వైపు చూడాలి.

సైరన్ ఆగిన మిల్లులు

మగ్గాల ఊరు మిల్లుల ఊరుగా మారడం 1829 ప్రాంతంలో మొదలైంది. అప్పుడు వెలిసిన నూలు మిల్లు తరువాత సవానా మిల్లుగా ప్రసిద్ధి చెందింది. ఆ శతాబ్దం ముగిసేలోగా గేబెలే మిల్లు, 1898లో రోడియర్ మిల్లు వచ్చాయి. కాలక్రమాన ఇవే స్వదేశీ, శ్రీ భారతి, ఆంగ్లో ఫ్రెంచి మిల్లులయ్యాయి. ఊళ్ళో సగం కుటుంబాలు ఏదో ఒక మిల్లు సైరన్‌ను బట్టి వంట చేసుకున్న రోజులవి.

ఈ మిల్లుల చరిత్రలో 1936 జూలై 30వ తేదీని కార్మికులు మరచిపోలేదు. పనిగంటల తగ్గింపు, సంఘం పెట్టుకొనే హక్కు కోరుతూ వి.సుబ్బయ్య తదితరుల నాయకత్వంలో సాగిన సమ్మెపై ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరపగా 12 మంది కార్మికులు మరణించారు. ఫ్రాన్సులో అప్పటికి పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం అధికారంలో ఉంది. గొడవ పారిస్‌కు చేరింది. 1937 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఇండియాలో ఎనిమిది గంటల పనిదినాన్ని చట్టబద్ధం చేశారు. ఆసియాలో ఇదే మొదటిదని పుదుచ్చేరివాసులు గర్వంగా చెప్పుకుంటారు. పారిస్ నుంచి ఈ ఊరికి నమూనాలే కాదు, ఒకసారి చట్టం కూడా వచ్చిందని దీనివల్ల తెలుస్తున్నది.

1954 నవంబరు 1న ఫ్రెంచివారు పాలనాధికారం అప్పగించారు. 1962 ఆగస్టు 16న విలీనం న్యాయరీత్యా పూర్తయింది. మిల్లులు మాత్రం కొత్త మార్కెట్లకు తగినట్లు మారలేకపోయాయి. యంత్రాలు పాతవయ్యాయి. పవర్‌లూమ్‌ల చౌక బట్ట ముంచెత్తింది. మూతపడిన ఆంగ్లో ఫ్రెంచి మిల్లును 1980 దశకంలో ప్రభుత్వం స్వాధీనం చేసుకొని కార్పొరేషన్ ద్వారా నడిపింది. 2011 డిసెంబరు 30న తీరం దాటిన 'థానే' తుపాను మిల్లు పైకప్పులను, యంత్రాలను దెబ్బతీసింది. అక్కడి నుంచి తేరుకున్నది లేదు. 2020 ఏప్రిల్ 30తో ఆంగ్లో ఫ్రెంచి మిల్లును అధికారికంగా మూసివేశారు. మిగిలిన రెండు మిల్లులదీ అదే గతి అయింది. యాదృచ్ఛికమే కావచ్చు గాని, మద్రాస్ గళ్ళకు అమెరికాలో పెద్దరికం కట్టబెట్టిన బ్రూక్స్ బ్రదర్స్ దివాలా రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది కూడా ఆ ఏడాది జూలైలోనే.

చిన్న సంస్థల రాక

మిల్లుల ఊరు బట్టను పూర్తిగా వదులుకోలేదు. ఆరోవిల్‌లో 1997లో ఉమా ప్రజాపతి నెలకొల్పిన 'ఉపాసన' సంస్థ చేనేత వస్త్రాలతో దుస్తులు రూపొందిస్తూ పేరు తెచ్చుకుంది. అంతకు ముందే, 1993లో, అక్కడే ఆరంభమైన 'కలర్స్ ఆఫ్ నేచర్' సహజమైన నీలిమందును తొట్లలో పులియబెట్టి అద్దే పాత పద్ధతికి తిరిగి ప్రాణం పోసింది. పుదుచ్చేరికి నలభై కిలోమీటర్ల లోపునే ఉన్న తిండివనం చుట్టుపట్ల నేటికీ నీలి ఆకు పండిస్తారు. ఒకప్పుడు మన కడప నీలి లండన్ మార్కెట్‌లో ప్రత్యేకమైన రకంగా అమ్ముడైన సంగతి పాతతరం వర్తకులకు తెలుసు. పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసే డిజైనర్ నౌషాద్ అలీ స్త్రీపురుషులిద్దరికీ చేనేత బట్టతో వదులైన, అలంకారం తక్కువైన దుస్తులు రూపొందిస్తూ జాతీయ స్థాయి ఫ్యాషన్ ప్రదర్శనలలో గుర్తింపు పొందారు.

దేశంలోని ఇతర నగరాలలోనూ ఇదే ధోరణి కనిపిస్తున్నది. పురుషుల చొక్కాలకు చేనేత గుడ్డను, పాత ఇంటి దుప్పట్లను, చేతి కుట్టును వాడుకుంటున్న జైపూర్ సంస్థ 'హరగో' చొక్కాలను బ్రిటిష్ గాయకుడు హ్యారీ స్టైల్స్ ధరించడంతో దానికి విదేశాలలో గిరాకీ పెరిగింది. ఢిల్లీలో కార్తీక్ కుమ్రా స్థాపించిన 'కారు రీసెర్చ్' 2023లో ఫ్రెంచి విలాస వస్తు సంస్థ ఎల్‌వీఎంహెచ్ ఇచ్చే యువ డిజైనర్ల బహుమతికి సెమీ ఫైనల్ జాబితాలో నిలిచింది. పదేళ్ళ క్రితం వరకు చేనేత అనగానే చీర గుర్తుకు వచ్చేది. మగవాడికి పంచె, కండువా, నాయకుడైతే ఖద్దరు చొక్కా. ఆ పరిధి దాటి జాకెట్లు, మోకాళ్ళ దాకా వచ్చే వేసవి లాగులు, కాలర్ లేని చొక్కాలు మగ్గం బట్టతో రావడం ఇటీవలి పరిణామమే. మంగళగిరి నేత, పొందూరు ఖాదీలకు ఇందులో సహజంగానే చోటుంది.

వాన, పడుగు, గడువు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మగ్గం పని ఎలా సాగుతుందో తెలిస్తే గాని అది అర్థం కాదు.

సాదా నూలు బట్ట అయితే నేతగాడు రోజుకు నాలుగైదు మీటర్లు నేస్తాడు. గళ్ళ బట్టయితే పేకలో రంగు మారినప్పుడల్లా నాడె మార్చాలి. వేగం తగ్గుతుంది. గజం పన్నా బట్టలో ఒక నిండుచేతుల చొక్కాకు రెండున్నర మీటర్ల దాకా పడుతుంది. అంటే ఒక మనిషి దినమంతా కాళ్ళు, చేతులు ఆడిస్తే రెండు చొక్కాల గుడ్డ. ఒక చిన్న సంస్థకు ఒక నమూనాలో 300 చొక్కాలకు ఆర్డరు వచ్చిందనుకుంటే 750 మీటర్లు కావాలి. పది మగ్గాలు ఏకకాలంలో పనిచేసినా నేతకే పదిహేను రోజులు. అంతకు ముందు నూలు కొనాలి, రంగు అద్దాలి, ఆసు పోయాలి, పడుగు సాచి గంజి పెట్టి ఆరబెట్టాలి, అచ్చు అతకాలి. ఈ పనులలో ఇంటిల్లిపాదీ పాల్గొంటారు గాని కూలి లెక్క మాత్రం నేసిన మీటరుకే కడతారు.

జూన్ ప్రదర్శనలు ముగిసి ఆర్డర్లు చేతికి వచ్చేసరికి జూలై దాటుతుంది. సరుకు జనవరి, ఫిబ్రవరిలలో విదేశీ దుకాణాలకు చేరాలి. కుట్టుపనికి, తనిఖీకి, రవాణాకు పోగా నేతకు మిగిలేది ఆగస్టు నుంచి నవంబరు వరకు. సరిగ్గా ఆ నడుమనే, మామూలుగా అక్టోబరు మూడో వారంలో, ఈశాన్య ఋతుపవనాలు ఈ తీరాన్ని తాకుతాయి. గుంట మగ్గాలలోకి నీరు వస్తుంది. వీధిలో సాచిన పడుగు ఆరదు. అద్దకపు తొట్టి దగ్గర నీలం అనుకున్న ఛాయకు రాదు. పారిస్ కొనుగోలుదారుకు మాత్రం వేసవి చొక్కా వేసవికి ముందే కావాలి. గడువు తప్పితే ఆర్డరు రద్దు కావచ్చు, లేదా ధర కోత పడవచ్చు. నష్టం సాధారణంగా కింది మెట్టు మీద ఉన్నవాడికే చేరుతుంది.

మరొక ఇబ్బంది పరిమాణానికి సంబంధించినది. ఒక పడుగు వేస్తే పదుల మీటర్లు నేయక తప్పదు. సంస్థలకేమో ప్రతి ఋతువుకూ కొత్త రంగు, కొత్త గడి కావాలి, అదీ తక్కువ మొత్తంలో. పోయిన ఋతువు గుడ్డ మిగిలితే 'పాతది' అయిపోతుంది. గుడ్డ పాతబడలేదు, నిజానికి ఉతికే కొద్దీ మెత్తబడే గుణం చేనేతది. పాతబడింది దాని మీది సంవత్సరం మాత్రమే. దీనిని గ్రహించిన కొన్ని సంస్థలు ఏడాదికి రెండు విడతల లెక్క మానుకొని, ఒకే రకం గుడ్డను ఏళ్ళ తరబడి నేయించి, కోత మాత్రమే మారుస్తున్నాయి. మగ్గానికి ఏడాది పొడవునా పని దొరకాలంటే ఇంతకంటే మేలైన మార్గం ప్రస్తుతానికి కనిపించడం లేదు.

2,500 రూపాయల గీత

ధర విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్‌టీ మార్పులు ఈ రంగానికి ఒక చేత ఇచ్చి మరొక చేత తీసుకున్నాయి. అంతవరకు వెయ్యి రూపాయలలోపు దుస్తులకు 5 శాతం, ఆపైన 12 శాతం పన్ను ఉండేది. కొత్త పద్ధతిలో 2,500 రూపాయల వరకు 5 శాతమే. ఆ గీత దాటితే 18 శాతం.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. రెండు వేల రూపాయల చొక్కా మీద పన్ను 240 నుంచి 100 రూపాయలకు తగ్గింది. ఇది ఊరటే. 2,500 రూపాయల చొక్కా పన్నుతో కలిపి 2,625 అవుతుంది. మరో వంద పెంచి 2,600 చేస్తే పన్ను 468 పడి 3,068 అవుతుంది. సంస్థ పెంచినది నూరు, కొనేవాడు అదనంగా కట్టేది 443. సహజమైన రంగులు అద్దిన, చేతితో నేసిన చొక్కాను గీత కింద అమ్మడం అంత సులభం కాదు. పెద్ద మిల్లు బట్టతో వేల సంఖ్యలో కుట్టే కంపెనీ చొక్కా మాత్రం హాయిగా గీత కిందనే ఉంటుంది. విలాస వస్తువులపై హెచ్చు పన్ను వేయడంలో తప్పు లేదు. అయితే చొక్కా ధరలో ఎక్కువ భాగం మనిషి శ్రమ అయినప్పుడు ఆ శ్రమనే విలాసంగా లెక్క కట్టినట్లవుతుంది. గీత దాటకుండా ఉండాలంటే సంస్థ ఏదో ఒక ఖర్చు తగ్గించుకోవాలి. బొత్తాల దగ్గర ఎంత మిగులుతుంది?

చేనేత కుటుంబాల స్థితి దాచినా దాగేది కాదు. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో నేత, అనుబంధ పనులలో ఉన్నవారు 35.22 లక్షలు. అందులో అత్యధికులు స్త్రీలే. నెలకు ఐదు వేల రూపాయలలోపు రాబడితో బతుకుతున్న నేత కుటుంబాలు దాదాపు మూడింట రెండు వంతులు. ఈ దుస్తుల సంస్థల దుకాణాలలో ఒక జాకెట్ ధర అంతకు మించి ఉండటం మామూలే.

చీటీ మీద పేరు

2025 జూన్‌లో జరిగిన రెండు సంఘటనలు ఈ వ్యవహారంలో పేరుకు ఉన్న విలువను తేల్చి చెప్పాయి. ఇటాలియన్ సంస్థ ప్రాడా 22వ తేదీన మిలాన్‌లో తన 2026 వసంత-గ్రీష్మ పురుషుల దుస్తులను ప్రదర్శించినప్పుడు మోడళ్ళ కాళ్ళకు కొల్హాపురి చెప్పులను పోలిన చెప్పులు కనిపించాయి. సంస్థ వాటిని 'తోలు చెప్పులు' అని మాత్రమే పేర్కొన్నది. 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు అది. మహారాష్ట్ర వర్తక సంఘం లేఖ రాయడం, పెద్ద ఎత్తున నిరసన రావడంతో ఆ చెప్పులకు భారతీయ హస్తకళే స్ఫూర్తి అని ప్రాడా అంగీకరించింది. డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటకలకు చెందిన రెండు ప్రభుత్వ సంస్థలతో ఒప్పందం కుదిరింది. అక్కడి పనివారి చేత 2,000 జతలు చేయించి, జత 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది.

అదే జూన్ 24న పారిస్‌లో లూయీ విట్టాన్ పురుషుల విభాగం డిజైనర్ ఫారెల్ విలియమ్స్ భారతదేశాన్ని ఇతివృత్తంగా తీసుకున్నారు. ప్రదర్శన వేదికను వైకుంఠపాళీ పటంలా తీర్చిదిద్దినది ముంబయికి చెందిన వాస్తుశిల్పి బిజోయ్ జైన్. సంగీతంలో ఎ.ఆర్.రెహమాన్ పాలుపంచుకున్నారు. ఇక్కడ పేర్లు ముందే చెప్పారు కాబట్టి గొడవ రాలేదు. వాస్తుశిల్పికి, సంగీత దర్శకుడికి పేరు దక్కినంత సులభంగా నేతగాడికి దక్కదన్నది వేరే విషయం.

పుదుచ్చేరి సంస్థలలో కొన్ని ఈ విషయంలో జాగ్రత్త పడుతున్నాయి. చొక్కా మెడ దగ్గరి చీటీ మీదనో, దానికి వేలాడదీసే అట్ట మీదనో ఏ ఊరి నేత, ఏ నూలు, ఏ అద్దకం అన్న వివరాలు ఇవ్వడం అలవాటు చేసుకుంటున్నాయి. అందరూ ఆ పని చేయడం లేదు. చీటీ మీద 'పాండిచ్చేరి' అన్న ఒక్క మాట ఉంటే చాలు, పసుపు గోడలు, సముద్రం, ఫ్రెంచి వీధి పలకలు కొనేవారి కళ్ళకు కడతాయి. ఊరి పేరు 2006 అక్టోబరులో అధికారికంగా పుదుచ్చేరి అయినా వ్యాపారంలో పాతపేరే చెల్లుబాటవుతున్నది. ఆ చొక్కా గుడ్డ తమిళనాడులోని ఏ పల్లెదో, బెంగాల్‌దో, మంగళగిరిదో కావచ్చు. 1843 ప్రాంతపు గినే తాను మీద పుదుచ్చేరి ముద్ర ఉండేది, నేసినది ఇక్కడే కాబట్టి. ఇప్పుడు ముద్ర ఇక్కడిది, మగ్గం మరొక చోటిది.

చేతితో నేసిన బట్ట అని ధ్రువపరిచే 'హ్యాండ్‌లూమ్ మార్క్' పథకం 2006 నుంచి దేశంలో ఉంది. ఏటా ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు వచ్చేసరికి పారిస్ ఆర్డర్ల తొలి పడుగులు మగ్గాలకు ఎక్కి ఉండాలి. వానలకు అప్పటికి పది వారాలు గడువు ఉంటుంది.